చెప్తేనే చెప్పు

“చెప్పుతో కొడతా” అన్న మాట ఎవరికైనా తిట్టే. మా గుట్ట మీద మాత్రం ఆ దెబ్బ కోసం జనం ఎండలో వరుస కడతారు.

పెద్దమందడి దాటిన తర్వాత మా ఊరు, ఊరి వెనక గుట్ట. దీపావళి అయిన వారానికి అక్కడ జాతర. కురుమూర్తి జాతర ముందు మాది చాలా చిన్నదే కానీ మా స్వామికీ ఏటా కొత్త పాదరక్షలు కావాలి. వాటిని ఉద్దాలు అంటాం. మూరెడు పొడవుంటాయి. కుట్టేది మా ఇంటివాళ్లే. ఉద్దాలు గుట్టెక్కిన రోజు పెద్ద పెద్దవాళ్లు వచ్చి మా నాయిన బుచ్చన్న ముందు నడుము వంచుతారు. నాయిన ఉద్దాలతో వీపు మీద ఒక్క దెబ్బ వేస్తాడు. ఏడాదంతా చేసిన తప్పు ఆ దెబ్బతో రాలిపోతుందని నమ్మకం. దెబ్బ పడకుండా గుట్ట దిగితే ఆ తప్పును వచ్చే జాతర దాకా వాళ్లే మోసుకోవాలి.

ఒకటే షరతు. దెబ్బకు ముందు తప్పేమిటో నోరు తెరిచి చెప్పాలి. “చెప్తేనే చెప్పు” అనేది మా అవ్వ ఈరమ్మ. ఆమె బతికి ఉన్నన్నాళ్లూ నాయినతో పాటు ఆమె కూడా కొట్టేది. ఇప్పుడు ఎవరూ సరిగా చెప్పడం లేదు. “తెలిసీ తెల్వక చేసినయి స్వామీ” అని గొణిగి వీపు చూపిస్తారు. నాయిన మెత్తని మనిషి, కొట్టి పంపిస్తాడు.

నేను నాయిన లాంటిదాన్ని కాదు. రెండేళ్ల కిందట ఆ ఒక్క రోజు కోసం నెల రోజులు పళ్లు బిగించి ఎదురుచూశాను.

అప్పుడు నేను గద్వాలలో జగదీశ్ సేటు చీరల దుకాణంలో పని చేసేదాన్ని. రెండంతస్తుల దుకాణం, కింద తెల్లటి పాలరాయి. పన్నెండు మంది ఆడవాళ్లం. పొద్దున పదింటికి నిలబడితే పదకొండు గంటలు నిలబడే ఉండాలి. స్టూళ్లు ఉండేవి, కానీ అవి కొనేవాళ్లకు. చెప్పులు గడప బయటే విడవాలి. “లక్ష్మి తిరిగే జాగ ఇది” అనేవాడు సేటు. హైదరాబాదు నుంచి కార్లలో వచ్చే వాళ్లు బూట్లతో లోపలికి వస్తే మాత్రం లక్ష్మికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

చేరిన మొదటి రోజు సాయంత్రానికి నా పిక్కలు రాళ్లయ్యాయి. “సేటూ, కాళ్లు గుంజుతున్నయి, జర కూసోవచ్చా?” అని అడిగాను.

అతను గద్దె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని టీ తాగుతున్నాడు. “నిలబడితే ఏమైతది? అలవాటైతది” అన్నాడు. నిజమే, అలవాటైంది. ఏడాది తిరిగేసరికి కాళ్లు గుంజుతున్నాయని చెప్పుకోవడం కూడా మానేశాను.

నన్ను ఆ పనిలో పెట్టించింది రూతమ్మత్త. మా వాడలోనే మా పక్కిల్లు. వాళ్లు చర్చికి పోతారు, మేం గుట్టకు పోతాం, అంతే తేడా. గద్వాలలో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఆమెకు యాభై ఏళ్లు, ఆ దుకాణంలో ఇరవై ఏళ్ల నుంచీ ఉంది. చీర అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని అది ఏ మగ్గం మీద దిగిందో చెప్పేది. ఆరేళ్లుగా షుగరు. ఆ వానాకాలం నుంచి పాదాలు మొద్దుబారాయి. దవాఖానలో డాక్టరమ్మ పాదాల మీద ఏదో పుల్లతో గుచ్చి “తెలుస్తుందా?” అని అడిగితే, రూతమ్మత్త గోడ మీద క్యాలెండరు చూస్తూ “ఇంక గుచ్చలేదా అమ్మా?” అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. “ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో తిరగొద్దు. మెత్తటి చెప్పులు కొనుక్కో. లేకపోతే కాలే పోతుంది” అని గట్టిగా చెప్పింది.

ఆ మంగళవారం దుకాణం సెలవు. బజారుకు పోదామని పొద్దున్నే నాయినకు ఫోన్ చేశాను. చెప్పుల సంగతి మా నాయినను అడగకుండా ఎట్లా కొంటాం?

“ఇప్పుడే పోకుండ్రి” అన్నాడు నాయిన. “పొద్దుగాల కాలు అబద్ధం చెప్తది. పొద్దంత నిలబడ్డంక పొంగుతది గద, అదే నిజం కాలు. పొద్దూకంగ పోండ్రి. రెండు కాళ్లకూ ఏసి చూడుండ్రి, ఒక కాలంత ఇంకో కాలు ఉండదు.”

“ఇంకేం చూడాలె నాయినా?”

“చెయ్యి లోపల పెట్టి తడుము. కుట్టు నీ చేతికి తగిలిందంటే ఆమె కాలును కోస్తది. ఆమెకేమో నొప్పి తెల్వదు. మెత్తగున్నది గదా అని మురిసిపోకు. బొటనేలుతోని ఒత్తితే దిగి మళ్ల లేవాలె. దిగి ఆడనే ఉన్నదంటే నెలకు చెక్కయితది. రెండు చేతుల్ల పట్టి వంచు. వేళ్ల కాడ వంగాలె. నడుమల వంగితే పారేయ్. మడమ ఎనక పట్టీ ఉండాలె, లేకుంటే మొద్దు కాలుకెల్లి జారిపోతది.”

సాయంత్రం బజారులో మూడు దుకాణాలు తిరిగాం. రూతమ్మత్త కన్ను మొదటి దుకాణంలోనే ఎర్ర రాళ్లు పొదిగిన జోడు మీద పడింది. “గివి బాగున్నయి గదనే యమునా” అని చంటిపిల్లలా చేతిలో పట్టుకుంది. నేను వంచి చూస్తే నడుమ దగ్గర అప్పడంలా వంగింది. మూడో దుకాణంలో నేను ప్రతి జోడులోనూ చెయ్యి పెట్టి తడుముతూ, ఒత్తుతూ, వంచుతూ ఉంటే దుకాణం నడిపే శ్రీనాథ్ అనే ఆయన కాసేపు చూసి, “ఏమ్మా, చెప్పులు కొంటున్నరా, పిల్లను చూస్తున్నరా?” అన్నాడు.

“పిల్లనైతే ఇంత చూడం అన్నా. పిల్లతోని పొద్దంత నిలబడేది లేదు గద” అంది రూతమ్మత్త.

ఒక్క జోడు కూడా నాయిన పరీక్షకు నిలబడలేదు. ఆ మాట చెబితే మర్నాడు సాయంత్రానికి నాయినే బస్సెక్కి వచ్చాడు. గదిలో నేల మీద తెల్ల కాగితాలు పరిచి, రూతమ్మత్తను వాటి మీద నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టి రెండు పాదాల చుట్టూ గీసుకున్నాడు. కూర్చుంటే కాలొక తీరు, బరువు పడితే ఒక తీరు అట. వేళ్ల ముందు బొటనవేలి గోరంత జాగా వదిలాడు. నాలుగు రోజుల్లో చెప్పులు వచ్చాయి. పైన మెత్తటి మేక తోలు, లోపల ఎక్కడా కుట్టు తగలదు, కింద రెండు పొరల స్పాంజి, అడుగున పలచగా చెక్కిన టైరు రబ్బరు.

రూతమ్మత్త వేసుకుని గదిలో అటూ ఇటూ నడిచింది.

“ఎట్లున్నయి ఒదినా?” అన్నాడు నాయిన.

“నా కాళ్లకు ఏమెరుక అన్నా? కానీ మోకాళ్లు చెప్తున్నయి, బాగున్నయని” అంది. అని ఏడ్చింది కూడా. ఇరవై ఏళ్లలో తన పాదాన్ని ఎవరూ కొలిచి చూడలేదని అంది.

“వీటిని దుకాణంలనే ఏసుకో. బయట మన్ను తాకనియ్యకు. సేటు అడిగితే కొత్తవి, మన్ను తొక్కనివి అని చెప్పు” అన్నాడు నాయిన.

బతుకమ్మ మొదలైన రోజు. దుకాణం కిటకిటలాడుతోంది. రూతమ్మత్త సంచిలోంచి చెప్పులు తీసి గడప లోపల వేసుకుంది. రెండు గంటలు ఎవరూ చూడలేదు. తర్వాత సేటు గద్దె దిగి వచ్చాడు.

“రూతమ్మా, కాళ్లకేంది?”

“డాక్టరమ్మ ఏసుకోమన్నది సేటూ. కొత్తవి. మన్ను తొక్కనివి” అంది రూతమ్మత్త.

“ఎవరు కుట్టిండ్రు?”

“మా నాయిన” అన్నాను నేను.

నన్ను పైనుంచి కిందికి చూశాడు. “అట్లనా! చెప్పులు కుట్టేటోళ్ల ఇంటి కాడ చెప్పులకు మర్యాద ఉంటదేమో. ఈడ చీరెలకు మర్యాద. ఇప్పు.”

చీరలు చూస్తున్న ఆడవాళ్లంతా తలలెత్తారు. రూతమ్మత్త వంగి పట్టీలు విప్పుకుంది. సేటు ఆ చెప్పులను గోదాములో వేయించాడు, దసరా పోయిన తర్వాత ఇస్తానన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అంతకు ముందేడాది జాతరలో ఇదే సేటు మా నాయిన ముందు వంగడం నా కళ్లతో చూశాను. నాలుగేళ్లుగా వస్తున్నాడట. నాయిన ఎవరో అతనికి తెలియదు. వంగినవాడికి కొట్టేవాడి మొహం కనిపించదు కదా.

చీరల దుకాణంలో నేల మీద ఉండేది లక్ష్మి కాదు, గుండుసూదులు. మడత విప్పిన ప్రతి చీర నుంచీ ఒకటో రెండో రాలతాయి. పట్టు మీద తొందరగా కనబడాలని మా సేటు పచ్చ తలకాయ సూదులు ప్రత్యేకంగా తెప్పించేవాడు. గద్వాల మొత్తంలో అవి మా దుకాణంలోనే ఉండేవి. మాకు గుచ్చుకుంటే అబ్బా అని తీసి పడేసేవాళ్లం.

సద్దుల బతుకమ్మకు నాలుగు రోజుల ముందు, పొద్దున చాప మడుస్తుంటే రూతమ్మత్త కాళ్లవైపు రక్తం మరక కనిపించింది. ఎడమ పాదం తిప్పి చూశాను. వేళ్ల కింద పచ్చ తలకాయ ఒక్కటే కనబడుతోంది. సూది మొత్తం లోపలే ఉంది.

“ఎప్పుడు గుచ్చుకున్నది అత్తా?”

“ఏంది గుచ్చుకున్నది?” అంది ఆమె.

సూది దవాఖానలో తీశారు కానీ చీము ఆగలేదు. వేళ్లు నల్లబడ్డాయి. మహబూబ్‌నగర్ తీసుకుపోయాం. దసరా మర్నాడు రెండు వేళ్లు తీసేశారు.

వేళ్లు పోయిన బాధ కన్నా, తర్వాత జరిగిందే ఆమెను పడగొట్టింది. సేటు ఆమె జాగాలో ఇంకొకరిని పెట్టుకున్నాడు. పైగా, ఎక్కడో అడ్డమైన చోట తొక్కి వచ్చి నా దుకాణం మీద పెడుతోందని బజారంతా చెప్పాడు. కూర్చుని చీరలకు ఫాల్ కుట్టే పనైనా ఇస్తారేమోనని రూతమ్మత్త కట్టు కాలుతోనే రెండు దుకాణాలు ఎక్కింది. “నీ సంగతి సేటు చెప్పిండు లేమ్మా” అని పంపించేశారు. ఇరవై ఏళ్లు నిజాయితీగా చేసిన మనిషికి అబద్ధాలకోరు అన్న పేరు మిగిలింది.

సూదిని దవాఖానలో గుడ్డముక్కలో చుట్టి నా చేతికిచ్చారు. దాన్ని తీసుకుని సేటు ముందుకు పోయాను.

“సేటూ, వేరే ఏమీ అడుగుత లేదు. దుకాణంలనే గుచ్చుకున్నదని ఒక్క మాట చెప్పుండ్రి చాలు. ఆమెకు యాడనన్న పని దొరుకుతది.”

“ఆ సూది నా దుకాణంది గాదు.”

“పచ్చ తలకాయది మనదే గద?”

“సూదుల మీద పేర్లు రాసుంటయా? పోయి పని చూసుకో. నీకు గూడ పని వద్దంటే చెప్పు.”

సాయంత్రం ఆ మాట రూతమ్మత్తకు చెప్పి, వాడిని ఏం చేయాలో చెప్పమన్నాను. ఆమె కట్టు కట్టిన కాలును దిండు మీద పెట్టుకుంది. “నా దేవుడు క్షమించమన్నడు బిడ్డా. నా కాలును మాత్రం ఆయన అడగలే” అంది.

అందరూ నన్ను ఆ పని మానేయమన్నారు. నేను మానలేదు. పగ ఉన్నవాళ్లు పని మానరు, కళ్లముందే ఉంటారు. రోజూ పదకొండు గంటలు నిలబడి, అతను గద్దె మీద బాసింపట్టు వేసుకున్న కాళ్లు చూస్తూ, జాతరకు ఇంకెన్ని రోజులో లెక్కపెట్టుకున్నాను. దీపావళికి ముందు విజయమ్మ, అంటే సేటు భార్య, దుకాణానికి వచ్చి, “ఈసారి గుట్టకు ఉత్తకాళ్లతోని నడిచి పోదాం. మొక్కుకున్న” అని అతనితో అంటుంటే పక్కనే చీరలు మడుస్తూ విన్నాను. నా చేతిలో చీర మడత అంత చక్కగా ఎప్పుడూ కుదరలేదు.

జాతరకు మూడు రోజులు సెలవు పెట్టి ఇంటికి పోయాను. నాయిన అరుగు మీద ఉద్దాలకు చివరి కుట్టు వేస్తున్నాడు. అమావాస్య నుంచి ఒంటిపూట తింటున్నాడు, గడ్డం మాసింది. పక్కన కూర్చుని అడిగాను.

“నాయినా, మా సేటు వస్తడు. నేను సైగ చేస్త. జర గట్టిగ కొట్టు. వీపు చిట్లాలె.”

నాయిన దారం పంటితో తెంపి నవ్వాడు. “గట్టిగ కొడితే ఆయనకే మేలు పిచ్చిదానా. దెబ్బ ఎంత గట్టిగ పడితే తప్పు అంత దూరం పోతదంటరు. నిరుడు ఒకాయన సాలలేదని రెండుసార్లు వంగిండు.”

ఆ మాటతో నా మీద నీళ్లు పోసినట్టయింది. నెల రోజులుగా కళ్లు మూసుకుంటే చాలు, ఆ దెబ్బ చప్పుడు వినబడుతోంది నాకు. తీరా చూస్తే అది వాడికి దీవెన. ఇదేం దేవుడు అని స్వామి మీద కూడా కోపం వచ్చింది.

జాతర రోజు జనం విరగబడ్డారు. పొద్దుటి నుంచి వంగిన వీపులే. నేను పక్కన నిలబడి నాయినకు చెమట తుడుస్తూ, నీళ్లిస్తూ ఉన్నాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి నాయిన భుజం పట్టేసింది. చెయ్యి లేవడం లేదు. వరుస చూస్తే గుట్ట కింది దాకా ఉంది.

“జరసేపు నువ్వు పట్టు బిడ్డా. అవ్వ కొట్టేది గదా” అని ఉద్దాలు నా చేతికిచ్చి వేపచెట్టు నీడకు పోయాడు. ఎవరూ కాదనలేదు. వీపుకు దెబ్బ కావాలి కానీ చెయ్యి ఎవరిదైతేనేం? నలభై, యాభై మందిని కొట్టి ఉంటాను. ముసలివాళ్లను మెల్లగా, వయసువాళ్లను కొంచెం గట్టిగా.

అప్పుడు జగదీశ్ సేటు వచ్చాడు. ముందు అతని పాదాలు చూశాను. గుట్ట మీది కంకర రాళ్లకు అరికాళ్లు చిట్లి, ఒక్కొక్క అడుగు ఏరుకుని ఏరుకుని వేస్తున్నాడు. అలవాటు లేదు కదా. పక్కన విజయమ్మ, వెనక గద్వాల బజారువాళ్లు నలుగురైదుగురు. అతను నా మొహం చూడకుండానే చేతులు జోడించి వంగాడు.

“తప్పు చెప్పు” అన్నాను.

“తెలిసీ తెల్వక చేసినయి స్వామీ.”

“తెల్వక చేసింది స్వామి చూసుకుంటడు. తెలిసి చేసింది చెప్పు.”

గొంతు గుర్తుపట్టి తలెత్తాడు. “నువ్వా? నువ్వేంది ఈడ?”

“మా ఇంటి పనే ఇది సేటూ. చెప్పులు కుట్టేటోళ్లం గద.”

అతని చూపు నా మీది నుంచి నా చేతిలోని ఉద్దాల మీదికి, అక్కడి నుంచి నీడలో కూర్చున్న నాయిన మీదికి పోయింది. నాలుగేళ్లుగా ఎవరి ముందు వంగుతున్నాడో అప్పుడు తెలిసింది. మొహం మాడిపోయింది.

“చెప్తేనే చెప్పు” అన్నాను. మా అవ్వ గొంతు నా గొంతులోంచి వచ్చినట్టు నాకే అనిపించింది.

వెనక వరుసలో ఒక ముసలామె విసుక్కుంది. “చెప్పరాదయ్యా! ఎంతసేపు నిలబెడ్తవు మమ్మల్ని ఎండల?”

సేటు విజయమ్మ వైపు చూశాడు. ఆమె కళ్లు మూసుకుని దండం పెట్టుకుని ఉంది. అతను మళ్లీ వంగి, నేలతో చెప్పినట్టు చెప్పాడు. “మా దుకాణంల ఒకామెకు సూది గుచ్చుకున్నది. వేళ్లు తీసేసిండ్రు.”

మా దుకాణంల. ఆ మాట గద్వాల బజారువాళ్లు విన్నారు. నాకు కావలసింది అదే కదా. నా చెయ్యి పైకి లేచింది. ఇంకో క్షణం అతను ఊరుకుని ఉంటే దెబ్బ పడిపోయేది.

“అది గూడ ఆమె చూసుకోక” అన్నాడు సేటు.

లేచిన చెయ్యి దించాను. ఉద్దాలను ఎర్రగుడ్డ మీద పెట్టాను.

“ఆమెకు అయింది చెప్తున్నరు సేటూ. మీరు చేసింది చెప్త లేరు. తర్వాత ఎవరు? రాండ్రి.”

అతను వంగే ఉన్నాడు, అర్థం కాలేదు కాబోలు. విజయమ్మ కళ్లు తెరిచింది. “అయ్యో, కొట్టలేదేంది తల్లీ? అంత దూరం నుంచి నడిచొచ్చినం. ఒక్కటి ఎయ్యి” అని నా చెయ్యి పట్టుకుంది. వెనక ముసలామె అతన్ని పక్కకు జరిపి తన వీపు ముందుకు పెట్టింది. “కూరల ఉప్పు తక్కువైందని కోడల్ని పస్తుంచిన తల్లీ” అని టకటకా చెప్పేసింది. కొట్టాను. దండం పెట్టి పోయింది.

సేటు కుంటుతూ గుట్ట దిగాడు. పాపం అనిపించలేదు. దాచడం దేనికి? కడుపు చల్లబడింది.

జనం తగ్గిన తర్వాత నాయిన లేచి వచ్చాడు. నీడలోంచి అంతా చూశాడు.

“కొట్టలేదు గదా” అన్నాడు.

“చెప్తేనే చెప్పు అనేది గద అవ్వ.”

“అనేది. కానీ ఎవరి కోసమూ కాసుక కూసోలేదు బిడ్డా.” తువాలుతో ఉద్దాలు తుడిచి, నెత్తికి తాకించుకుని, తన చేతుల్లోకి తీసుకున్నాడు. “ఇంక సాలు. నీ చెయ్యి అలిసింది, పోయి కూసో” అన్నాడు.

నా చెయ్యి అలిసిపోలేదని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత నాయిన ఉద్దాలు నా చేతికి ఇవ్వలేదు. నిరుడు భుజానికి మందు పూసుకుని, పొద్దుగూకే దాకా తనే కొట్టాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అయినా ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ అదే చేస్తాను.

జాతర అయిన మూడో రోజు దుకాణానికి పోయాను. గడప లోపల పన్నెండు స్టూళ్లు వరుసగా ఉన్నాయి. పక్కన అరలో పన్నెండు జతల మెత్తటి చెప్పులు, కొత్తవి. అమ్మాయిలు కూర్చోవాలో వద్దో తెలియక స్టూళ్ల చుట్టూ నిలబడి ఉన్నారు. సేటు గద్దె దగ్గరికి పిలిచాడు. అరికాళ్లకు పట్టీలు వేసుకుని ఉన్నాడు.

“స్టూళ్లు ఏయించిన. చెప్పులు తెప్పించిన” అన్నాడు మెల్లగా. “సూది నా దుకాణంలనే గుచ్చుకున్నదని, ఆమె కాళ్ల చెప్పులు నేనే ఇడిపించిననని బజార్ల అందరికీ చెప్పిన. రూతమ్మను ఫాల్ కుట్టనీకి రమ్మని ఒకాయన కబురు గూడ పంపిండు. ఇంకేం గావాలె నీకు?”

“నాకేం వద్దు సేటూ.”

“దెబ్బ పడలేదని విజయ నన్ను పూజగదిలకు రానిస్త లేదు. ఏది జరిగినా అందుకే అంటది. పాలు విరిగినా అందుకే అంటది.” గద్దె కింది నుంచి ఒక సంచి తీసి నా ముందు పెట్టాడు. అందులో రూతమ్మత్త చెప్పులు. గోదాము దుమ్ము పట్టి ఉన్నాయి. “ఇవి గూడ మీ నాయిన కుట్టినయే గద. ఆ చెయ్యే గద. వీటితోనన్న ఒక్కటి ఎయ్యి.”

గద్దె మీద కూర్చున్న చోటే నా వైపు వీపు తిప్పి వంగాడు. మిగతా పదకొండు మందీ చూస్తున్నారు. చెప్పును చేతిలోకి తీసుకున్నాను. నాలుగు రోజులు కూర్చుని నాయిన కుట్టిన కుట్టు ఎక్కడా వదలలేదు. స్పాంజిని బొటనవేలితో ఒత్తి చూశాను, దిగి మళ్లీ లేచింది. ఎడమది ఇప్పుడు ఆమెకు రెండు వేళ్లంత పెద్దది. మళ్లీ కాగితం మీద నిలబెట్టి కొలవాలి.

కొంగుతో రెండింటి దుమ్మూ తుడిచి సంచిలో పెట్టుకున్నాను.

“ఇవి నడవనీకి కుట్టినయి సేటూ. కొట్టనీకి గాదు.”

అతను వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. బహుశా మొదటిసారి చూశాడు. “మరి వచ్చే జాతర దాకా నేనెట్లుండాలె?” అన్నాడు.

నేను సంచి భుజాన వేసుకుని ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“నిలబడుండ్రి సేటూ” అన్నాను. “అలవాటైతది.”